బాలీలిఫిన్‌లో అమెచ్యూర్ గోల్ఫ్: టికెట్ లేదు, తాళ్లు లేవు, గాలి మాత్రం దండిగా

డబ్లిన్ నుంచి వెళ్లే మనవాళ్లకు ముందు దారి సంగతి చెప్పాలి. బాలీలిఫిన్ డొనెగల్ కౌంటీలో, ఇనిషోవెన్ ద్వీపకల్పంలో బాగా పైకి ఉంటుంది. మ్యాప్ పెడితే మొనాహన్, ఓమా మీదుగా పొమ్మంటుంది. ఆ దారి నార్తర్న్ ఐర్లాండ్‌లోంచి పోతుంది. సరిహద్దులో గేటూ చెక్‌పోస్టూ ఏమీ ఉండవు కానీ, భారతీయ పాస్‌పోర్టుకు అక్కడ యూకే వీసా కావాలి. ఐర్లాండ్‌లో ఉండటానికి మనకిచ్చే ఐఆర్‌పీ కార్డు అక్కడ చెల్లదు. ఎవరు ఆపుతార్లే అని వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆ టెన్షన్ మాకెందుకని స్లైగో, డొనెగల్ టౌన్, లెటర్‌కెన్నీ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాం. టైమ్ బాగా ఎక్కువ పడుతుంది. డొనెగల్ కౌంటీ మొత్తంలో రైలు అన్నదే లేదు కాబట్టి కారు లేకుండా ఈ ట్రిప్ పెట్టుకోకండి.

2024 జూన్‌లో అమెచ్యూర్ చాంపియన్‌షిప్, అంటే గోల్ఫ్‌ను వృత్తిగా కాకుండా ఆడేవాళ్ల పోటీ, ఇక్కడ పెట్టారు. 1885లో మొదలైన పోటీ ఇది. 288 మంది, ఇక్కడి రెండు కోర్సుల్లో, ఓల్డ్ లింక్స్‌లో ఒక రౌండు, గ్లాషెడీ లింక్స్‌లో ఒక రౌండు ఆడారు (లింక్స్ అంటే సముద్రం పక్క ఇసుక నేల మీది గోల్ఫ్ కోర్సు). పై 64 స్థానాల్లో ఉన్నవాళ్లు నాకౌట్‌కు వెళ్లారు. ప్రైజ్ మనీ లేదు. గెలిచినవాడికి ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో పెద్ద పోటీలైన ది ఓపెన్‌లో, యూఎస్ ఓపెన్‌లో ఆడే చోటు దొరుకుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మొహాల్లో అంత బిగువు ఎందుకో అది తెలిశాక అర్థమైంది.

చూడటానికి ఇంతకంటే సుఖమైన పోటీ నేనెక్కడా చూడలేదు. టికెట్ లేదు. పెద్ద టోర్నమెంట్లలో జనాన్ని ఆపే తాళ్లు ఇక్కడ లేవు, ఆటగాడి వెనకే ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన ఆట దారి) మీద నడవొచ్చు. ఒకతని బంతి ఇసుక దిబ్బ మీది పొడుగాటి గడ్డిలో పడింది. వెతకడానికి రూల్ ప్రకారం మూడు నిమిషాలే. అతనూ, బ్యాగు మోస్తున్న వాళ్ల నాన్నా, ప్రత్యర్థీ, ఇద్దరు ప్రేక్షకులూ కాళ్లతో గడ్డి దువ్వుకుంటూ తిరిగారు. దొరకలేదు. ఆ తండ్రి నోరు మెదపకుండా బ్యాగులోంచి ఇంకో బంతి తీసి ఇచ్చాడు. టీవీలో ఇవేం కనపడవు.

ఓల్డ్ లింక్స్ నేలంతా ముడతలే. మధ్యలో పడ్డ బంతి కూడా ఎటు దొర్లుతుందో చెప్పలేం. దాన్ని తర్వాత ఇంగ్లండ్ గోల్ఫర్ నిక్ ఫాల్డో మార్చారు. గ్లాషెడీ 1995లో వచ్చిన కోర్సు, 2018 ఐరిష్ ఓపెన్ అక్కడే జరిగింది. దాని ఏడో హోల్‌లో ఎత్తైన గుట్ట మీంచి చాలా కిందనున్న గ్రీన్‌కు (హోల్ ఉండే చోటుకు) కొట్టాలి, పక్కన చెరువు. నడిచి చూడ్డానికి నాకు గ్లాషెడీయే నచ్చింది, కాకపోతే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఓల్డ్ లింక్స్ దగ్గరే ఉండిపోవడం మేలు. జూనే కదా అని పల్చటి జాకెట్ వేసుకెళ్తే అట్లాంటిక్ గాలికి చెవులు గింగురుమంటాయి.

చివరికి డెన్మార్క్ కుర్రాడు జేకబ్ స్కోవ్ ఓలెసెన్ గెలిచాడు. ఈ టైటిల్ కొట్టిన మొదటి డేన్ అతనే. 36 హోల్స్ ఫైనల్ 33వ దగ్గరే ముగిసింది, స్కోరు 4 అండ్ 3, అంటే మూడు హోల్స్ మిగిలుండగానే నాలుగు హోల్స్ ఆధిక్యం.

బస విషయానికొస్తే, ఊరు చిన్నది, పోటీ వారంలో హోటళ్లలో గది దొరకడం కల్ల. మేం బంక్రానాలో దిగాం. షాపులూ, తినే చోట్లూ అక్కడే ఎక్కువ, కారులో దూరం కూడా కాదు. దిగిన బీ అండ్ బీలో (గది, టిఫిన్ ఇచ్చే ఇల్లు) పరుపులు, టిఫిన్ బాగున్నాయి, వేడినీళ్లు మాత్రం రెండో మనిషి స్నానానికి వెళ్లేసరికి అయిపోయేవి. ఓనరమ్మకు చెబితే "ముందు మీరే చేసెయ్యండి" అంది! శాకాహారులకు చిప్స్, సూపు, బ్రెడ్డే గతి. పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి సరిపోయింది. చేపలు తినేవాళ్లకు మాత్రం సీఫుడ్ చౌడర్ (చేపలు వేసిన చిక్కటి సూపు) పండగ.

ఖాళీ పూట ఉంటే మాలిన్ హెడ్ వదలొద్దు. ఐర్లాండ్ నేలకు ఉత్తరపు చివర అదే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు కనపడాలని రాళ్లతో పేర్చిన 'ఐరే' (ఐరిష్ భాషలో ఐర్లాండ్ పేరు) అక్షరాలు ఇంకా ఉన్నాయి. డోఘ్ ఫామిన్ విలేజ్ 1840ల కరువు కథ చెబుతుంది, పిల్లలకు కొంచెం భారంగా ఉంటుంది. తిరుగు దారిలో బర్ట్ దగ్గర గ్రియనాన్ రాతికోట దాదాపు పై వరకూ కారు వెళ్తుంది. అరగంట కేటాయిస్తే చాలు, డబ్బులు కట్టక్కర్లేదు.