కస్టమ్ గ్రావెల్ సైకిల్‌కి అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

నాకు కస్టమ్ సైకిల్ చేసిచ్చిన బిల్డర్ పేరు రాయను. ఎవరి గురించి చెబుతున్నానో తెలియాల్సిన వాళ్లకి తెలుస్తుంది. ఆయన దగ్గర ఫ్రేము చేయించుకోవాలని డబ్బు పోగేసుకుని ఎదురుచూస్తున్న వాళ్లు నాకు తెలిసి కొందరున్నారు. ముఖ్యంగా వాళ్ల కోసమే రాస్తున్నాను. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేదాకా ఆగితే ఈలోపు ఇంకొకరి డబ్బు పోతుంది.

నేను ఆర్డర్ ఇచ్చింది రిజిడ్ గ్రావెల్ సైకిల్, కంకర, మట్టి దారుల్లో తొక్కేది. రిజిడ్ అంటే ముందూ షాక్ (షాకబ్జార్బరు) లేదు, వెనకా షాక్ లేదు. స్టీల్ ఫ్రేము, స్టీల్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం), రోడ్డు సైకిల్‌కుండే కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్, టైర్లు మాత్రం మౌంటెన్ బైక్‌వి, 29 అంగుళాలు, వెడల్పు 2.2 అంగుళాలు. కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సుమారు 4,400 కిలోమీటర్ల టూర్ డివైడ్ రేసు తొక్కేవాళ్లలో చాలామంది ఇలాంటి సైకిళ్లే వాడతారు. రెడీమేడ్‌గా మన దగ్గర సులువుగా దొరకదు, అందుకే కస్టమ్. ఫ్రేము, ఫోర్కు కలిపి 1,45,000. అందులో ఫోర్కుకే విడిగా 28,000. చక్రాలు, గేర్లు, బ్రేకులు కలిస్తే మూడు లక్షలు దాటింది.

అంత వెడల్పు టైరు సోకు కోసం అడగలేదు. హైదరాబాద్ దగ్గర శంకర్‌పల్లి దాటి వికారాబాద్ వైపు పొలాల మధ్య దారుల్లో ఒక కిలోమీటరు మొరం ఉంటుంది, తర్వాత ఇంకా రోలర్ తిరగని కంకర, ఆ తర్వాత నల్లరేగడి. వాన పడిందంటే ఆ నల్లరేగడి టైరుకి అంటుకుని, టైరుకీ ఫ్రేముకీ మధ్య సందులో కూరుకుపోయి చక్రాన్ని తిరగనివ్వదు. సైకిల్ భుజానికెత్తుకుని నడిచినవాళ్లకి ఆ సందు విలువ తెలుసు. ఇదంతా బిల్డర్‌కి మొదటి రోజే చెప్పాను. విన్నాడు, రాసుకున్నాడు, డ్రాయింగ్ గీశాడు. దాని మీద ఇద్దరం సంతకం పెట్టాం. టైరు సైజు, ఫోర్కు పొడవు, హెడ్ యాంగిల్ (ఫోర్కు బిగించే ముందు గొట్టం వాలు), బాటమ్ బ్రాకెట్ (పెడళ్లు తిరిగే ఇరుసు ఉండే చోటు) ఎత్తు, అన్నీ అంకెల్లో ఉన్నాయి.

సైకిల్ వచ్చింది. రంగు బాగుంది. వెల్డింగ్ కూడా శుభ్రంగా ఉంది, ఆ మాట అనకపోతే అన్యాయం. 40 ఎంఎం టైర్లు వేసి ఇచ్చాడు. 2.2 టైర్లు దిగుమతి ఆలస్యమైంది, ప్రస్తుతానికి వీటి మీద తొక్కండి అన్నాడు. నా పాత మౌంటెన్ బైక్ టైర్లు ఇంట్లో ఉన్నాయని ఆయనకి తెలియదు.

మా వీధి మలుపులోనే షూ ముందు టైరుకి తగిలింది. డ్రాయింగ్ ప్రకారం తగలడానికి వీల్లేదు. ఇంటికి వచ్చి టేపు తీశాను.

ఫోర్కు పొడవు, అంటే చక్రం ఇరుసు నుంచి పైన బేరింగ్ కూర్చునే చోటు దాకా, 425 మిల్లీమీటర్లు ఉండాలి. 395 ఉంది. నా కోసం తయారుచేయాల్సిన ఫోర్కు బదులు బజార్లో దొరికే రెడీమేడ్ ఫోర్కుకి ఫ్రేము రంగే వేసి బిగించాడు. 30 మిల్లీమీటర్లకే ఇంత గొడవా అనుకోకండి. ఇలాంటి ఫ్రేములో ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొట్టిదైతే హెడ్ యాంగిల్ సుమారు ఒక డిగ్రీ నిటారవుతుంది. నాది 69.5 ఉండాలి, ఫోన్‌తో కొలిస్తే 71. ముందు చక్రం కాలి దగ్గరికి జరిగింది, షూ తగిలింది అందుకే. దిగువకి పోయేటప్పుడు కంకర మీద హ్యాండిల్ నిలకడగా ఉండాలని 69.5 పెట్టించుకున్నాను, అది పోయింది. ముందు భాగం వాలింది కాబట్టి బాటమ్ బ్రాకెట్ కూడా ఒక 12 మిల్లీమీటర్లు కిందికి దిగింది.

తర్వాత ఇంట్లో ఉన్న 2.2 టైరు వెనక చక్రానికి ఎక్కించాను. గాలి నింపితే చక్రం ఫ్రేములోకి దూరనే లేదు. 2.2 అంగుళాలంటే సుమారు 55 మిల్లీమీటర్లు. బురద పోవడానికి అటు ఆరు, ఇటు ఆరు వదిలితే చైన్‌స్టేల, అంటే వెనక చక్రానికి రెండు పక్కలా వెళ్లే ఫ్రేము గొట్టాల మధ్య 67 ఉండాలి. వెర్నియర్ పెడితే 53 వచ్చింది. టైరు వెడల్పు కూడా లేదు. ముందు రెడీమేడ్ ఫోర్కులో 45 దాటి పట్టదు. అంటే 40 టైర్లు ప్రస్తుతానికి వేసినవి కావు, ఆ ఫ్రేములో అంతకుమించి పట్టవు. ఆ సంగతి తెలిసే టైర్లు రాలేదని చెప్పి డబ్బు మొత్తం తీసుకున్నాడు.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. డ్రాయింగ్‌లో బాటమ్ బ్రాకెట్ నేల నుంచి 296 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. చిన్న టైర్ల వల్ల 15, పొట్టి ఫోర్కు వల్ల 12 పోయి 269కి దిగింది. 170 మిల్లీమీటర్ల క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) కిందికి వచ్చినప్పుడు పెడల్ ఇరుసుకీ నేలకీ మధ్య పది సెంటీమీటర్లు కూడా లేదు. మన దారుల్లో పొడుచుకొచ్చిన రాళ్లు ఎంతెంత ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అనంతగిరి కింద ఎత్తు ఎక్కుతుండగా పెడల్ రాయికి కొట్టుకుని సైకిల్ పక్కకి ఎగిరింది. మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. వెనక లారీ ఉంటే ఏమయ్యేది?

డ్రాయింగ్, కొలిచిన ఫొటోలు, సైకిల్ తీసుకుని వర్క్‌షాప్‌కి వెళ్లాను. నేను అసలు చెప్పాలనుకున్నది అక్కడ జరిగిందే.

ఆ రోజు అక్కడ ఇంకో ముగ్గురు ఉన్నారు. ఒక కుర్రాడు అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చినట్టున్నాడు, గోడకి ఆనించిన గొట్టాలు చూసి మురిసిపోతున్నాడు. నేను గొంతు పెంచలేదు. డ్రాయింగ్ బల్ల మీద పరిచి, ఫోర్కు 425 అని రాసుంది, 395 ఎందుకుంది అని అడిగాను. ఆయన కాగితం వైపు చూడను కూడా చూడలేదు.

“డ్రాయింగ్ అనేది ఒక అంచనా అన్నా. చేతిపనిలో అటూ ఇటూ అయితది.”

“అటూ ఇటూ కాదు కదా. ఇది నువ్వు చేసిన ఫోర్కే కాదు. చేతిపనికని 28,000 తీసుకున్నావు.”

“రెడీ ఫోర్కు తక్కువదేం కాదు. నీకు ఆలస్యం కావొద్దని వేసిన.”

“నాకు ఒక్క మాట చెప్పాల్సింది. మరి టైరు? వెనక 53 ఉంది.”

అప్పుడు తలెత్తి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “అన్నా, నీ వయసుకి 40 టైరు చాలు. నువ్వేమన్నా రేసు గెలిచేదుందా?”

అక్కడున్న వాళ్లలో ఇద్దరు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే ఆ కుర్రాడి వైపు తిరిగి, “నీకేం టైరు గావాలె తమ్మీ?” అని, నాకు చూపించిన పాత డ్రాయింగ్ పుస్తకమే తెరిచాడు. నేను అక్కడే, నా సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

నాకు యాభై దాటాయి. నేను రేసులు గెలవను, అసలు రేసుల్లో దిగను. వయసుకీ సంతకం పెట్టిన కాగితానికీ ఏమిటి సంబంధం? నేను ఇచ్చిన నోట్లలో యాభై దాటినవాడి నోట్లని తగ్గించి లెక్కపెట్టలేదు కదా. డబ్బు తీసుకునేటప్పుడు “మీలాంటి తెలిసినవాళ్లు కావాలి అన్నా, కొలతలు అర్థమయ్యేవాళ్లు తక్కువ” అన్న నోరే అది. ఆ నవ్వు నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వడం లేదు.

ఇక మన సైకిల్ మిత్రుల సంగతి. నార్సింగి దగ్గర టిఫిన్ చేసేచోట ఈ సైకిల్ గురించి అందరూ తలో మాట అన్నారు. ఒక మిత్రుడు దాన్ని గండిపేట వైపు తిప్పుకొచ్చి, స్టీల్ స్టీలే, ఎంత హాయిగా ఉంది, నువ్వు అంకెలు పట్టుకుని వేలాడుతున్నావు అన్నాడు. తారు రోడ్డు మీద హాయిగానే ఉంటుంది, నాకూ తెలుసు. తారు రోడ్డుకైతే మూడు లక్షలు ఎందుకు పెడతాను?

ఇంకొందరు అసలు రిజిడ్ కొనడమే తప్పు అంటున్నారు. మన కంకర మీద షాక్ లేకుండా ఎవరైనా తొక్కుతారా, చేతులు పాడవుతాయి, హాయిగా ముందు మాత్రం షాక్ ఉండే హార్డ్‌టెయిల్ కొనుక్కోవాల్సింది అని. ఈ మాట నేను ఒప్పుకోను. షాక్ ఉన్న ఫోర్కు ఒకటిన్నర కిలో దాకా ఎక్కువ బరువుంటుంది. షాక్ ఫోర్కులు చేసే రాక్‌షాక్స్ కంపెనీ వాళ్లే చాలా ఫోర్కులకి యాభై గంటల వాడకానికోసారి కింది కాళ్లు విప్పి నూనె మార్చమంటారు. మన ఎర్రదుమ్ములో సీళ్లు (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగులు) ఇంకా త్వరగా పోతాయి. సీళ్లు దొరకాలి, విప్పడం తెలిసిన మెకానిక్ దొరకాలి. 55 టైరులో గాలి తగ్గించి తొక్కితే కంకర అదురు చాలావరకు టైరే మింగేస్తుంది. రిజిడ్ సైకిల్‌కి షాకబ్జార్బరు ఆ టైరే. నా దగ్గర లాక్కున్నది సరిగ్గా దాన్నే. అందుకే రిజిడ్ మంచిదా చెడ్డదా అని నా సైకిల్ చూపించి వాదించుకోవద్దని వేడుకుంటున్నాను. నేను కోరిన రిజిడ్ సైకిల్ ఇంకా తయారే కాలేదు.

ఇదే డబ్బుకి ట్రెక్‌దో స్పెషలైజ్డ్‌దో కంపెనీ సైకిల్ వచ్చేది, వారంటీ ఉండేది అన్నవాళ్ల మాటలో న్యాయం ఉంది. కంపెనీ సైకిల్ అయితే జామెట్రీ చార్టు (ఫ్రేము కొలతల పట్టిక) ముందే అచ్చులో ఉంటుంది, దుకాణానికి వెళ్లి టేపు పెట్టి చూసుకోవచ్చు.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకో మాట. “మన దగ్గర ఫ్రేము చేసేవాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మనవాణ్ణి మనమే బజారుకి ఈడిస్తే ఎలా? సర్దుకుపో.” మన దగ్గర చేతితో ఫ్రేము చేసేవాళ్లు ఉండాలని నాకంటే ఎక్కువ ఎవరికీ లేదు, అందుకే విదేశీ సైకిల్ వదిలి ఇక్కడికి వచ్చాను. పెళ్లికి చొక్కా కుట్టమని గుడ్డ ఇస్తే, టైలరు రెడీమేడ్ చొక్కాకి బొత్తాలు మార్చి ఇచ్చి నీ ఒంటికి ఇది చాలు అంటే, కుట్టుపని బతకాలని ఎవరూ తొడుక్కోరు. కొలత తప్పింది అని ఒప్పుకుని, చైన్‌స్టేలు కోసి మళ్లీ వేస్తానని ఉంటే నేను ఇంకో ఆరు నెలలైనా ఆగేవాణ్ణి. స్టీల్ ఫ్రేముకి అది సాధ్యమే. పనిలో తప్పు ఎవరికైనా వస్తుంది. ఆయన చేసింది అది కాదు. రంగు వేసి దాచాడు, టైర్లు రాలేదని అబద్ధమాడాడు, అడిగితే అందరి ముందూ నవ్వాడు.

నేను అడిగింది రెండే. డ్రాయింగ్ ప్రకారం ఫ్రేము, ఫోర్కు మళ్లీ చేసివ్వు, లేదా 1,45,000 వెనక్కి ఇవ్వు. జవాబు లేదు. నోటీసు పంపాను. అది కూడా పనిచేయకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఇలాంటిది మీకు జరిగితే తెలిసి ఉండాలని చెబుతున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, బిల్డర్ ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఆర్డర్ ఇవ్వాలనే అనుకుంటే, రంగు వేయకముందు ఫ్రేము చూడండి. మీరు వాడబోయే టైరు మీరే పట్టుకెళ్లి, చక్రం బిగించి, రెండు పక్కలా సందు కొలవండి. ఫోర్కు పొడవు టేపు పెట్టి చూడండి. చివరి వాయిదా ఆ తర్వాతే ఇవ్వండి. “డ్రాయింగ్‌లోని కొలతలు తప్పితే డబ్బు వాపసు” అని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడితో ఆపేయండి.

ఆ రోజు వర్క్‌షాప్‌లో అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చిన తమ్ముడు ఇది చదువుతుంటే, దయచేసి నాకు మెసేజ్ పెట్టు. నా డ్రాయింగ్, వెర్నియర్ ఫొటోలు పంపిస్తాను, సైకిల్ కూడా వచ్చి చూసుకో.