మా పురపాలక సంఘం ఫిర్యాదుల యాప్: ఐదేళ్లు వాడిన తరువాత

మా పట్టణంలోని పురపాలక సంఘం ఫిర్యాదుల యాప్‌ను ఐదేళ్లుగా వాడుతున్నాను. వీధిదీపాలు, చెత్త, మురుగు కాలువలు, విరిగిన మ్యాన్‌హోల్ మూతల గురించి ఇప్పటికి 40కి పైగా ఫిర్యాదులు పెట్టి ఉంటాను.

నమోదు వరకు వంక పెట్టడానికేమీ లేదు. ఫొటో తీసి, విభాగం ఎంచుకుని, నాలుగు మాటలు రాసి పంపితే రెండు నిమిషాల్లో టోకెన్ నంబరు వస్తుంది. అయితే ఇంటికి వచ్చాక తీరిగ్గా పంపితే జీపీఎస్ మన గుమ్మాన్నే చిరునామాగా తీసుకుంటుంది కాబట్టి, సమస్య ఉన్నచోటే నిలబడి పంపాలి.

వీధిదీపాల విషయంలో పూర్తి మార్కులు వేస్తాను. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరును ఫిర్యాదులో చేర్చడం మొదలుపెట్టాక మా సందులో ఏ దీపమూ మూడు రోజులకు మించి ఆరిపోయి లేదు. స్తంభం ఒరిగినా, తీగలు వేలాడుతున్నా మాత్రం ఇక్కడ రాసి ప్రయోజనం లేదు. అది విద్యుత్ పంపిణీ సంస్థ పని, 1912కు ఫోన్ చేయాలి. ఈ ముక్క యాప్‌లో ఎక్కడా లేదు, రెండు వారాలు పోగొట్టుకుని తెలుసుకున్నాను.

చిక్కంతా కాలువలతోనే. నిరుడు వానలకు ముందు మా వీధి చివరి కాలువ పూడిపోయిందని రాస్తే, మూడో రోజు పారిశుద్ధ్య సిబ్బంది వచ్చి సిల్టు తీసి గట్టునే కుప్పపోసి, ఆరాక ట్రాక్టరు వస్తుందని చెప్పి వెళ్లారు. సాయంత్రానికల్లా ఆ కుప్ప ఫొటోతోనే ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని మెసేజ్ వచ్చింది. ట్రాక్టరు రాలేదు, వారం తిరక్కుండా పడిన వానకు బురదలో సగం మళ్లీ కాలువలోకే జారింది. ఫిర్యాదును తిరిగి తెరవబోతే గడువు దాటిందనీ, కొత్తది పెట్టుకోమనీ యాప్ చెప్పింది. అలా ఒకే బురదకు రెండు ఫిర్యాదులు, లెక్కల్లో రెండు పరిష్కారాలు.

కాలువలో దిగి పనిచేసిన మనిషిని నేను తప్పుపట్టను, ట్రాక్టరు పంపడం ఆయన చేతిలో లేదు. ఫిర్యాదును మూసే అధికారమంతా కార్యాలయం వైపే ఉంచడం యాప్‌లోని లోపం. బ్రిటన్‌లో మైసొసైటీ సంస్థ 2007లో మొదలుపెట్టిన ఫిర్యాదుల వెబ్‌సైటు ఫిక్స్‌మైస్ట్రీట్‌లో ఫిర్యాదులు మ్యాపు మీద అందరికీ కనిపిస్తాయి, నాలుగు వారాల తరువాత పని జరిగిందా అని రాసినవారినే అడుగుతారు. మా యాప్‌లో పక్కింటివారు ఏం రాశారో నాకు కనిపించదు. ఒక్క గుంతకు మా వీధిలో ఐదుగురం ఐదు టోకెన్లు తీసుకున్నాం.

దీపాల కోసం ఇప్పటికీ ఈ యాప్‌నే తెరుస్తాను. కాలువ సంగతికి మాత్రం రెండు టోకెన్ల స్క్రీన్‌షాట్లనూ ప్రింటు తీయించి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాను. గురువారం ట్రాక్టరు వచ్చింది.