వెబ్‌సైట్ ఆడిట్ అని 18 వేలు కట్టాను, మీరు కట్టకండి

"30 రోజుల్లో గూగుల్ మొదటి పేజీ" అని ఫేస్‌బుక్‌లో రోజూ ప్రకటన వేసేవాళ్ళు మీకూ కనబడే ఉంటారు. ఎస్‌ఈఓ ఆడిట్ కోసం, అంటే సైట్ గూగుల్‌లో ఎందుకు కనబడట్లేదో పరిశీలించి చెప్పడానికి, వాళ్ళకే 18 వేలు పంపాను. నిన్నటి ఫోన్ తర్వాత నాకు నిద్ర లేదు.

మాది మంగళగిరి చీరల చిన్న షాపు. సైట్ డిజైన్ మార్చాక గూగుల్ నుంచి ఆర్డర్లు ఆగిపోయాయి. షాపు పేరు కొట్టినా సైట్ రాలేదు. ఆ టెన్షన్‌లో ఎవరినీ అడగకుండా డబ్బు కట్టేశాను.

పది రోజులకు 64 పేజీల పీడీఎఫ్ వచ్చింది. పైన మా లోగో. 23వ పేజీలో మాత్రం "మీ క్లినిక్ అపాయింట్‌మెంట్ పేజీ నెమ్మదిగా ఉంది" అని ఉంది. చీరల షాపుకి క్లినిక్ ఎక్కడిది? ఎవరి రిపోర్టో తీసి మాకు అంటగట్టారు. రేపు నా వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో! ఇంకో చోట కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో కీలక పదాలు రాసే వరుస) లేదని ఎర్రగా "అత్యవసరం" అని రాశారు. ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడట్లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసి, "మా సైట్ ఎందుకు రావట్లేదో ఇందులో ఎక్కడుంది బాబూ?" అని అడిగాను. "ఆడిట్ అంటే రిపోర్ట్ ఇవ్వడం వరకే మేడమ్. బాగుచేయాలంటే 45 వేల ప్యాకేజీ వేరే ఉంది" అన్నాడు. క్లినిక్ సంగతి ఎత్తగానే గొంతు మారింది. "ఇవన్నీ మీకు అర్థం కావు. ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వండి."

పదకొండేళ్ళుగా నేతవాళ్ళతో బేరం, జీఎస్టీ, కొరియర్ అన్నీ నేనే చూసుకుంటున్నాను. ఆ మాటకు చెయ్యి వణికింది, నోట మాట రాక ఫోన్ పెట్టేశాను. అప్పుడే గట్టిగా ఒక్క మాట అనలేకపోయానే అని ఇప్పటికీ కడుపు రగులుతోంది. తేరుకుని మళ్ళీ చేస్తే నంబర్ బ్లాక్ చేశారు.

రాత్రి మా అక్క కొడుకు భోజనానికొచ్చి, "ఏదీ, లాగిన్ ఇవ్వు పిన్నీ" అన్నాడు. మా సైట్ నడిచేది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద. దాని సెట్టింగ్స్‌లో రీడింగ్ అని ఉంటుంది. అక్కడ "డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్" అన్న గడిలో టిక్ ఉంది. డిజైన్ మార్చినవాళ్ళు పని జరిగేటప్పుడు పెట్టి, తీయడం మర్చిపోయారు. అది ఉంటే పేజీలకు నోఇండెక్స్, అంటే "సెర్చ్‌లో చూపించొద్దు" అన్న గుర్తు పడుతుంది, గూగుల్ వాటిని చూపించదు. టిక్ తీసి సేవ్ కొట్టాడు. రెండు నిమిషాల పని. 64 పేజీల్లో ఈ ఒక్క మాట లేదు. వాడిని ముందే అడగాల్సింది, తప్పు నాదే.

ఎవరికైనా డబ్బు కట్టేముందు సైట్ ఉన్నవాళ్ళ కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరవండి, అది ఫ్రీ. యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో మీ పేజీ అడ్రస్ వేస్తే ఇండెక్స్ అయిందో (గూగుల్ తన జాబితాలో చేర్చుకుందో) లేదో, కాకపోతే ఎందుకో చెబుతుంది. మొదటి ర్యాంకుకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ఇప్పటికే ఇలాంటివాళ్ళకు అడ్మిన్ లాగిన్ ఇచ్చి ఉంటే ఈరోజే తీసేయండి. నేను పొద్దున్నే తీసేసి పాస్‌వర్డ్ మార్చాను.

మళ్ళీ ఇండెక్స్ చేయమని గూగుల్‌కి రిక్వెస్ట్ పెట్టాం, సైట్ ఇంకా సెర్చ్‌లో రాలేదు. శ్రావణమాసానికి మూడు వారాలే ఉంది.