క్రాబ్‌ఆపిల్ మొక్క కొనేవారికి హెచ్చరిక: పూత వచ్చేదాకా ఆగితే హామీ గడువు దాటిపోతుంది

అమెరికాలోని చలి రాష్ట్రాలలో ఇంటి ముందు పూల క్రాబ్‌ఆపిల్ (చిన్న కాయలు కాసే ఆపిల్ జాతి చెట్టు) నాటాలనుకునే తెలుగువారు దయచేసి ఇది చదవండి. ఇల్లినాయ్‌లో ఉంటున్న మేము ఒక ఆన్‌లైన్ నర్సరీ నుంచి ‘ప్రెయిరీఫైర్’ అనే చీటీతో తెప్పించుకున్న మొక్క ఆ రకం కాదని తేలింది. ప్రెయిరీఫైర్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూపొంది 1982లో విడుదలైన రకం. ముదురు గులాబీ ఎరుపు పూలతో పాటు స్కాబ్ అనే ఆకుమచ్చల బూజు తెగులును బాగా తట్టుకునే గుణం కూడా దానికి ఉంది కనుకనే మేము ఎక్కువ ధర పెట్టాము. తీరా మా చెట్టుకు తెల్లని పూలు పూశాయి. ఆ వేసవిలోనే ఆకులపై మచ్చలు లేచి, పసుపుబారి, శరత్తు రాకముందే చాలావరకు రాలిపోయాయి.

నర్సరీవారిని అడిగితే, మొక్క చనిపోతేనే హామీ వర్తిస్తుందనీ, హామీకి ఉన్న ఏడాది గడువు కూడా ముగిసిందనీ బదులిచ్చారు. చిక్కంతా ఇక్కడే ఉంది. చిన్న మొక్క నిండుగా పూయడానికి కొన్నేళ్లు పట్టవచ్చు కనుక, రకం తేడా బయటపడేసరికి కొన్నవారి చేతిలో ఏ హక్కూ మిగలదు. అందుచేత మొదటి వసంతంలోనే చిగురును పరిశీలించండి. ప్రెయిరీఫైర్ లేత ఆకులు ఊదా ఎరుపుతో విచ్చుకొని, ముదిరాక పచ్చబడతాయి. చిగురు మొదటి నుంచీ పచ్చగానే ఉంటే, చీటీతో సహా ఫొటో తీసి, గడువులోపే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

కాండం అడుగున అంటు కట్టిన చోటును కూడా చూడాలి. పై అంటు చలికి చచ్చిపోయి, కింది వేరుమొక్క నుంచి లేచిన పిలకే చెట్టుగా ఎదిగితే, చీటీ ఒక రకానిది, చెట్టు మరొకటి అవుతుంది. ఇక ఒహాయోలో 2023 నుంచి అమ్మకం నిషేధించిన క్యాలరీ పియర్ అనే అలంకార చెట్టు కూడా తెల్లగానే పూస్తుంది, వాసన మాత్రం భరించలేము. పువ్వు మధ్యలోని కీలాలు (అండాశయం మీద నిలిచే సన్నని కాడలు) అడుగున కలిసి ఉంటే క్రాబ్‌ఆపిల్, విడివిడిగా ఉంటే పియర్, ఒకే కీలం ఉంటే చెర్రీ అని గుర్తించవచ్చు.

‘నీలి పూల క్రాబ్‌ఆపిల్ విత్తనాలు’ అనే ప్రకటనల జోలికి అసలు పోకండి. నీలి పూలు పూసే క్రాబ్‌ఆపిల్ లేదు. పేరున్న రకాలను విత్తనంతో కాక అంటుతోనే పెంచుతారు. చలికాలపు గట్టి చలి లేనిదే ఈ చెట్టు సరిగా పూయదు కనుక, ఆ విత్తనాలను హైదరాబాదుకో విజయవాడకో పంపడం డబ్బు దండగ.