పన్నెండేళ్ల కారు, పదేళ్ల ఫుల్ ఇన్సూరెన్స్

మొదటి ఐదేళ్లు ఫుల్ ఇన్సూరెన్స్, అంటే మన కారుకు జరిగిన నష్టానికి కూడా డబ్బిచ్చే పాలసీ, నేను కోరి తీసుకున్నది కాదు. కారు లోన్ మీద కొన్నాను, అప్పు తీరేదాకా ఉండాల్సిందే అన్నారు. అప్పు తీరాక ఇంకో ఐదేళ్లు నా ఇష్టంతో కట్టాను. ఆపేసి ఇప్పటికి రెండేళ్లు.

కట్టినందుకు ఫలితం దక్కింది మూడో ఏట. తప్పు నాదే, మలుపులో డివైడర్‌ని గుద్దేశాను. బంపర్, రేడియేటర్, రెండు హెడ్‌లైట్లు పోయాయి. డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టాల్సిన వాటా, నేను పెట్టుకున్నాను, మిగతా బిల్లంతా ఇన్సూరెన్స్ కంపెనీ కట్టింది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉండుంటే ఏమీ వచ్చేది కాదు. అది మనవల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే.

ఏడో ఏడు దాటాక లెక్క మారింది. కారు విలువ ఏటా పడిపోతోంది, ప్రీమియం మాత్రం అంతగా తగ్గడం లేదు. అన్యాయం అనుకున్నాను గానీ, పాత కారుకైనా డోర్ మార్చాలంటే డోర్ ఖరీదు, పెయింటు, కూలీ తప్పవు కదా. అసలు చిక్కు వేరే చోట ఉంది. కారు పూర్తిగా పోతే కొన్న ధర ఇవ్వరు. పాతబడ్డాక దాని విలువ ఎంతో అంతే, అందులోంచి డిడక్టిబుల్ పోను. రిపేరు ఖర్చు ఆ విలువకు దగ్గరపడితే బాగు చేయించరు, టోటల్ లాస్ అంటారు. కారు పాతబడేకొద్దీ ఓ మోస్తరు దెబ్బకే ఆ మాట వస్తుంది.

తొమ్మిదో ఏట వెనక డోర్ సొట్టపోయింది. బిల్లు చూస్తే డిడక్టిబుల్ కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్త కోసం క్లెయిమ్ చేస్తే, ఇన్నాళ్లు క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇస్తున్న నో క్లెయిమ్ తగ్గింపు పోతుంది. చేతి డబ్బే పెట్టుకున్నాను.

పదేళ్లు నిండాక రెన్యువల్ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. థర్డ్ పార్టీ భాగాన్ని పక్కన పెట్టాను, అది ఎప్పటికీ ఆపకూడనిది. నా కారు కోసం కట్టే భాగం ఒక్కటీ చూస్తే, కారు మొత్తం పోతే చేతికొచ్చే డబ్బులో ఏడో వంతు ఉంది. పదో వంతు దాటితే ఆపేయమని చాలామంది చెప్తారు. అంతమాత్రాన ఆపేయకండి. రేపు పొద్దున ఈ కారు లేకపోతే అప్పు చేయకుండా ఇంకోటి కొనుక్కోగలమా అన్నదే నాకు ముఖ్యం అనిపించింది. ఎనిమిదో ఏట అయితే కొనలేకపోయేవాణ్ణి. అందుకే ఆ ఏడాది కట్టింది దండగ అనను. పదో ఏటికి కొనగలిగే స్థితికి వచ్చాను, ఆపేశాను.

మిగిలిన ప్రీమియం డబ్బు ప్రతి ఏడూ వేరే ఖాతాలో వేస్తున్నాను. ముందు అద్దం పగిలితే అందులోంచే తీశాను, ఇంకా మిగిలింది. కానీ కుండపోత వాన కురిసిన రాత్రి బయట నిలబెట్టిన కారు గురించి టెన్షన్ ఉంటుంది, లేదని చెప్పను. అది భరించలేనివాళ్లు ఇంకొన్నాళ్లు కట్టుకోవడమే మంచిది.

ఒక్కటి మాత్రం నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంచుకునే డిడక్టిబుల్ పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. కొన్నిచోట్ల థర్డ్ పార్టీతో పాటు దొంగతనానికీ అగ్నిప్రమాదానికీ మాత్రమే వర్తించే పాలసీలూ ఉంటాయి. ఏడో ఏటే ఇవి అడగాల్సింది.

మా ఆవిడ కారుకి నాలుగేళ్లు. మొన్న దాని రెన్యువల్ వచ్చింది, ఫుల్ ఇన్సూరెన్సే కట్టాను. ఆ కారు పోతే ఇంకోటి కొనేంత డబ్బు ఆ ఖాతాలో లేదు.