ప్రజావాణి అర్జీనా, సమాచార హక్కు దరఖాస్తా?

పింఛను ఆగిపోతే తెలంగాణలో చాలామంది సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళతారు. ఖర్చు లేదు, అధికారి ఎదుటే గోడు చెప్పుకోవచ్చు. కానీ ఆ అర్జీ తిరిగి తిరిగి చాలాసార్లు మన మండలాఫీసుకే చేరుతుంది.

2005 నాటి సమాచార హక్కు చట్టం దారి వేరు. అది పింఛను ఇప్పించదు, దాన్ని ఆపుతూ ఇచ్చిన కాగితాన్ని బయటికి తెప్పిస్తుంది. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. జవాబివ్వడానికి గడువు 30 రోజులు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. అడగడంలోనే ఉంది కిటుకంతా. "నా పింఛను ఎందుకు ఆపారు?" అంటే తేలిగ్గా తప్పించుకుంటారు. "నా పేరు తీసేసిన ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని రాయాలి.

నేనైతే ముందు నకలు తెచ్చుకుని, దాన్ని జతచేసి ప్రజావాణికి వెళతాను. రసీదు మాత్రం రెండు చోట్లా అడిగి తీసుకుంటాను.