తీగా గొట్టమూ లేని చోట మోటార్‌హోమ్: నాలుగేళ్ల వాడకం తర్వాత సమీక్ష

కరెంటు ప్లగ్గూ నీళ్ల కుళాయీ లేని చోట మోటార్‌హోమ్ (లోపలే వంటగది, పడక, టాయిలెట్ ఉండే బండి) ఆపి నాలుగైదు రాత్రులు ఉండాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది బ్యాటరీ గురించి. నాలుగేళ్లు వాడాక నేను చెప్పేది వేరు. కరెంటు సమస్య డబ్బుతో తీరుతుంది. బండిని వెనక్కి తిప్పించేది టాయిలెట్ క్యాసెట్టు, అంటే మలమూత్రాలు చేరే, బయటికి లాగి ఖాళీ చేసే పెట్టె. దాని తర్వాత మురుగునీటి ట్యాంకు. మంచినీళ్లు తగ్గితే క్యాన్లలో మోసుకొచ్చుకోవచ్చు. నిండిన మురుగును మాత్రం ఉన్నచోట వదలకూడదు, వదలలేం.

ఈ సమీక్ష ఇద్దరు మనుషులుండే బండి గురించి. మంచినీళ్ల ట్యాంకు 110 లీటర్లు. సింకు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంకు 90 లీటర్లు. క్యాసెట్టు 18 లీటర్లు. 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు, ఇంజిన్ నుంచి ఛార్జ్ చేసే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జరు, 1,500 వాట్ల ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్, 130 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, 2 కిలోవాట్ల డీజిల్ హీటర్ ఉన్నాయి. మొదటి ఏడాదిన్నర లెడ్ యాసిడ్ రకమైన ఏజీఎం బ్యాటరీలు, గ్యాస్‌తో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ ఉండేవి. అందుకే రెండింటికీ తేడా చెప్పగలను.

క్యాసెట్టుతోనే మొదలుపెడతాను. 18 లీటర్లు ఇద్దరికి రెండున్నర నుంచి మూడు రోజులు. మనిషికి రోజుకు లీటరున్నర మూత్రం, దానికి ఫ్లష్ నీళ్లు కలిస్తే లెక్క అక్కడికే వస్తుంది. క్యాసెట్టులో వాసన రాకుండా పోసే మందు మార్చినా, కాగితం తగ్గించినా పెద్దగా పెరగదు. పెంచే దారి ఒక్కటే, రెండో క్యాసెట్టు కొని వెంట ఉంచుకోవడం. ఈ బండికి కొన్న వస్తువులన్నిటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ రోజులు తెచ్చిపెట్టింది అదే. మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్నవి కొనకండి. సెప్టిక్ ట్యాంకులో కుళ్లబెట్టే బాక్టీరియాను అవి చంపేస్తాయి.

క్యాసెట్టు మూతకుండే రబ్బరు సీలు ఎండిపోతే ముందు వాసన వస్తుంది, తర్వాత కారుతుంది. రెండు నెలలకోసారి కడిగి సిలికాన్ నూనె పలచగా రాయాలి. పెట్రోలియం జెల్లీ రాస్తే రబ్బరు ఉబ్బి మూత బిగుసుకుపోతుంది. ఇంకో సంగతి. ఘాట్ రోడ్డు ఎక్కాక బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, క్యాసెట్టులోని గాలి మాత్రం కింది ఒత్తిడితోనే ఉంటుంది. ఆ స్థితిలో మూత ఒక్కసారిగా తెరిస్తే లోపలిది పైకి చిమ్ముతుంది. కొద్దిగా తెరిచి, గాలి పోయాక పూర్తిగా తెరవండి. ఖాళీ చేసేటప్పుడు గాలి బటన్ నొక్కిపట్టి వంచితే గుడగుడలాడకుండా సాఫీగా కారుతుంది.

మూత్రాన్ని విడిగా పట్టే టాయిలెట్ కూడా ఆరు నెలలు వాడి చూశాను. ఫ్లష్ నీళ్లు అక్కర్లేదు, వాసన నిజంగానే తక్కువ. కానీ 8 లీటర్ల మూత్రం డబ్బా ఇద్దరికి రెండున్నర రోజులకే నిండుతుంది కాబట్టి తిరుగుడు తప్పదు. దాని చిన్న ఫ్యాను రాత్రింబగళ్లు తిరిగి రోజుకు 3 నుంచి 4 ఏహెచ్ తింటుంది. ఒక్కరే ప్రయాణించేవాళ్లకు అది మంచిది. ఇద్దరుంటే రెండు క్యాసెట్లే మేలు.

ఇక నీళ్లు. 110 లీటర్లు ఐదు రోజులు రావాలంటే రోజుకు 22 లీటర్లు. తాగడానికీ వంటకూ 5 లేదా 6, గిన్నెలకు 4, చేతులూ ముఖానికి 3, ఫ్లష్‌కు 2, మిగిలింది స్నానాలకు. ఈ లెక్క నిలబడాలంటే ముందు కుళాయి ధార కొలవండి. లీటరు సీసా పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ఈ బండి కుళాయి మొదట్లో నిమిషానికి 7 లీటర్లు పోసేది. నిమిషానికి 2 లీటర్లిచ్చే ఏరేటర్ (ధారలో గాలి కలిపే జల్లెడ మూత) బిగించాక గిన్నెల నీళ్లు సగానికి సగం తగ్గాయి. వేడినీళ్లు వచ్చేలోపు గొట్టంలో ఉన్న చన్నీళ్లు రెండు లీటర్ల దాకా పోతాయి. వాటిని జగ్గులో పట్టి కెటిల్‌కు వాడుకోవాలి. షవర్ తలకు ఆపే మీట ఉండాలి. తడిపి, ఆపి, సబ్బు రుద్దుకుని, మళ్లీ విప్పితే స్నానానికి 5 లీటర్లు చాలు. అయితే మీట దగ్గర ఆపినప్పుడు వేడి, చల్లటి కుళాయిలు రెండూ తెరిచే ఉంటాయి. నీళ్లు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాటి మొదటి ధార చల్లగానో మరిగిపోతూనో వస్తుంది. ఒక్క క్షణం పక్కకు పట్టి చూసుకోవాలి.

ఎవరూ కుళాయి తిప్పకుండానే పంపు అర నిమిషం కొట్టుకుని ఆగిందంటే ఎక్కడో కారుతోంది, లేదా పంపులోని ఎదురు కవాటం వదులైంది. పంపు ఆగకుండా తిరుగుతూ నీళ్లు తక్కువగా ఇస్తే, ముందున్న జల్లెడ గిన్నె మూత సరిగా బిగియక గాలి పీలుస్తోందన్నమాట. పంపు మార్చే ముందు ఆ మూత చూడండి. పంపు పాడైందనుకున్న మూడుసార్లలో రెండుసార్లు కారణం అదే.

ట్యాంకు శుభ్రానికి 5 శాతం బ్లీచ్ లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున, అంటే ఈ ట్యాంకుకు 110 మిల్లీలీటర్లు. అన్ని కుళాయిల్లోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, రెండుసార్లు కడిగేయాలి. బొగ్గు ఫిల్టరును ట్యాంకుకు ముందు పెట్టడం పొరపాటు. అది క్లోరిన్ తీసేస్తుంది, ట్యాంకులో నిల్వ నీళ్లు పాచి పడతాయి. దాని చోటు తాగే కుళాయి దగ్గర.

గ్రే ట్యాంకు గురించి రెండే మాటలు. గిన్నెల్లోని జిడ్డును కాగితంతో తుడిచాకే కడగండి, సింకులో సన్నటి జాలీ పెట్టండి. వాసనలో ఎక్కువ భాగం జిడ్డుదే. బండి నడుస్తుంటే సింకు కింద వంపులో నిలవాల్సిన నీళ్లు ఒలికిపోయి వాసన లోపలికి వస్తుంది. నీళ్లు అక్కర్లేని పొర కవాటం వేశాక అది పోయింది. నాలుగు దీపాల లెవెల్ మీటరును నమ్మకండి. దాని ముల్లులకు జిడ్డు పట్టి నిండకుండానే నిండినట్టు చూపిస్తుంది. మంచినీళ్లు ఎన్ని లీటర్లు వాడారో రాసుకుంటే గ్రే లెక్క దానంతటదే తెలుస్తుంది.

కరెంటు విషయానికొస్తే, ఏజీఎం బ్యాటరీల మీద ఫిర్యాదు సామర్థ్యం గురించి కాదు, నింపడం గురించి. 200 ఏహెచ్‌లో 100 వాడుకోవచ్చు, సరే. కానీ చివరి 20 శాతం ఎక్కడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అప్పటికి పొద్దు వాలుతుంది. రోజూ అలా అరకొరగా మిగిలిపోయి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఏడాదిన్నరకు కొలిస్తే 130 ఏహెచ్ మిగిలింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు ఆ బాధ లేదు. సగంలో ఆపినా పాడవదు, 80 నుంచి 90 శాతం దాకా వాడుకోవచ్చు. బదులుగా మూడు షరతులు పెడుతుంది. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, కాబట్టి మనం ఉండే గదిలోనే పెట్టాలి. ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే అది మోయలేనంత కరెంటు లాగి వేడెక్కిస్తుంది, కాబట్టి డీసీ-డీసీ ఛార్జరు తప్పనిసరి. వోల్టేజీ చాలాసేపు దాదాపు ఒకేలా ఉంటుంది, కాబట్టి వోల్టుమీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును లెక్కపెట్టే షంట్ మీటరు కావాలి.

ఆ షంట్ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. నెగటివ్ తీగలన్నీ షంట్ గుండానే వెళ్లాలి. ఇన్వర్టర్ నెగటివ్‌ను నేరుగా బ్యాటరీకి బిగిస్తే ఆ వాడకం మీటరుకు కనిపించదు. తెర మీద 90 శాతం అని చూపిస్తూనే బండి చీకటైపోతుంది. వైరింగ్ సరిగ్గా ఉన్నా, వారాల తరబడి పూర్తిగా నిండకపోతే చిన్న చిన్న తప్పులు కూడి లెక్క జారుతుంది. రెండు వారాలకోసారి 100 శాతానికి నింపి సరిచేసుకోవాలి.

వేసవిలో రోజువారీ వాడకం ఇలా ఉంటుంది. ఫ్రిజ్ 45 ఏహెచ్, పైకప్పు ఫ్యాను 15, ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ 25, దీపాలు 5, నీళ్ల పంపు 3. మొత్తం 93. మంచి ఎండలో 400 వాట్ల ప్యానెళ్లు పైకప్పు మీద చదునుగా ఉండి సుమారు 1,200 వాట్-అవర్లు, అంటే 95 ఏహెచ్ దాకా ఇస్తాయి. సరిగ్గా సరిపోయినట్టే. ఆ సమతూకాన్ని చెడగొట్టేది ఇన్వర్టర్. ఏమీ పెట్టకుండా ఆన్‌లో వదిలేసినా 15 వాట్లు తింటుంది, రోజుకు 28 ఏహెచ్ పోతుంది. వాడాక ఆపేయండి, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ 12 వోల్టుల ఛార్జర్ల మీదే నడపండి. ఇండక్షన్ మీద లీటరు నీళ్లు మరిగిస్తే 10 ఏహెచ్. అది భరించవచ్చు. పైకప్పు ఏసీ మాత్రం ఆశించకండి, ఈ బ్యాటరీ మీద గంటన్నర రాదు.

ప్యానెళ్లను రెండు సెంటీమీటర్లైనా ఎత్తి బిగించండి. వేడెక్కిన ప్యానెల్ 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ 0.35 నుంచి 0.4 శాతం కోల్పోతుంది. పైకప్పుకు అంటించే వంగే రకం ప్యానెల్ మొదట వేశాను, రెండో వేసవికే సెల్స్ పగుళ్లిచ్చాయి. మళ్లీ కొనను. చెట్టు కొమ్మ నీడ ప్యానెల్ మీద చేయంత పడినా ఉత్పత్తి సగానికి పడిపోవచ్చు. అందుకే రెండింటినీ ప్యారలల్‌గా కలిపాను, ఒకటి నీడలో పడినా రెండోది తన వంతు ఇస్తుంది.

తీగ మందం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు 7 మీటర్లు, రానూపోనూ 14. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 6 ఆంపియర్లకు 0.6 వోల్టు దారిలోనే పోతుంది. ఏజీఎం రోజుల్లో బ్యాటరీ సగం ఉండగానే తెల్లవారుజామున ఫ్రిజ్ ఆగిపోయేది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ పడి తక్కువ వోల్టేజీ రక్షణ పనిచేసేది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాక నష్టం 0.25 వోల్టుకు తగ్గింది, మళ్లీ ఆగలేదు. ఇన్వర్టర్‌కు పూర్తి లోడు మీద 140 ఆంపియర్ల దాకా పారుతుంది. 50 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోనే క్లాస్-టి ఫ్యూజు పెట్టండి. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు పారతాయి, మామూలు ఫ్యూజు కాలిపోయినా నిప్పురవ్వ ఆగకపోవచ్చు.

పాత గ్యాస్ ఫ్రిజ్‌ను పూర్తిగా తీసిపారేసే వస్తువు అనను. రోజుకు 300 గ్రాముల గ్యాస్‌తో నిశ్శబ్దంగా నడిచేది. కానీ బండి కొన్ని డిగ్రీలు వాలినా చల్లదనం తగ్గుతుంది, మండుటెండలో వెనకబడుతుంది. సోలార్ లేనివాళ్లకు అదే సరైనది.

వంటకు బ్యూటేన్ కాకుండా ప్రొపేన్ తీసుకోండి. గడ్డకట్టే చలిలో బ్యూటేన్ ఆవిరి కాదు. గంటసేపు మామూలు మంటకు 130 గ్రాములు పోతుంది. స్టవ్వు వెలిగించి గది వేడి చేసుకోవడం ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ ఒక భయం, పైగా కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వచ్చి గోడలు చెమ్మపడతాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే ఎత్తులో, గ్యాస్ అలారం నేలకు దగ్గరగా పెట్టాలి. ప్రొపేన్ గాలి కంటే బరువు.

డీజిల్ హీటర్ మీద నాకు ఎంతో గురి. గంటకు 0.1 నుంచి 0.25 లీటరు డీజిల్, రాత్రికి 15 ఏహెచ్. వెలిగేటప్పుడు రెండు మూడు నిమిషాలు 10 ఆంపియర్ల దాకా లాగుతుంది, సన్నతీగ అయితే అక్కడే వెలగకుండా ఆగిపోతుంది. ఎప్పుడూ సన్నసెగ మీద నడిపితే లోపల మసి పేరుకుంటుంది. ఆపే ముందు ఇరవై నిమిషాలు పూర్తి సెగ మీద నడపడం నేర్చుకున్నాక విప్పి శుభ్రం చేయాల్సిన పని పడలేదు.

ఇంత అమర్చినా తీరని లోటు ఒకటి ఉంది, చలికాలపు మబ్బు వారాలు. ప్యానెళ్లు రోజుకు 150 నుంచి 200 వాట్-అవర్లే ఇస్తాయి, అంటే 15 ఏహెచ్. ఫ్రిజ్ వాడకం 25కు తగ్గినా హీటరు, దీపాలు, ల్యాప్‌టాప్‌లు కలిపి 65 దాటుతుంది. లోటు రోజుకు 50. నిండు బ్యాటరీ మూడు రోజులకు పైగా లాగుతుంది. నాలుగో రోజు రెండు గంటలు బండి నడిపితే డీసీ-డీసీ ఛార్జరు 55 ఏహెచ్ దాకా తిరిగి ఇస్తుంది, అది ఒక్కరోజు లోటే. ఇంజిన్‌ను నిలిపి ఉంచి ఊరికే నడపడం దీనికి బదులు కాదు. నెమ్మదిగా తిరిగే ఆల్టర్నేటర్‌కు గాలి చాలక వేడెక్కుతుంది. అలాంటి వారాల్లో చిన్న ఇన్వర్టర్ జనరేటరు, 40 ఆంపియర్ల ఛార్జరు కలిపి రెండు గంటలు నడిపితే 80 ఏహెచ్ వస్తుంది. పొగ కిటికీల వైపు రాకుండా గాలి దిశ చూసి దూరంగా పెట్టాలి. ఏడాదిలో పదిసార్లు కూడా వాడను, అయినా నెలకోసారి లోడు పెట్టి నడుపుతాను. పెట్రోలు నిలవుండి కార్బ్యురేటర్‌లో బంకగా మారితే, అవసరమైన రోజునే అది స్టార్ట్ కాదు.